ప్రోగ్ రాక్ వినాలంటే ఏ బ్యాండ్‌తో మొదలుపెట్టాలి?

పోయిన వేసవిలో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ నా చేతికిచ్చి, "మామయ్యా, పింక్ ఫ్లాయిడ్ విన్నాను, తెగ నచ్చేసింది. యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్, రష్ అని మా వాళ్లు పెద్ద లిస్ట్ ఇచ్చారు. ఏది ముందు వినను?" అన్నాడు. పక్కన కూర్చున్న మా అక్క పదేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్న మనిషి. "నాక్కూడా చెప్పరా, వీడు రోజంతా ఇంట్లో అదే పెడుతున్నాడు" అంది.

ఇద్దరికీ ఒకే పేరు చెప్పలేకపోయాను. ఇంటర్నెట్‌లో దొరికే "టాప్ టెన్" లిస్టులతో వచ్చే చిక్కు ఇదే. గొప్పవి ఏవో అవి చెబుతాయి, మీకు ఏది పడుతుందో చెప్పవు. ఈ సంగీతంలో మొదటి ఆల్బమ్ తప్పుగా ఎంచుకుంటే ఇరవై నిమిషాల పాటలో ఐదో నిమిషానికే విసుగొచ్చి, ఇది మన వల్ల కాదులే అని వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. మీ చెవి ఇప్పటికే దేనికి అలవాటుపడి ఉందో చూసుకుని, దానికి దగ్గరగా ఉన్న బ్యాండ్‌తో మొదలుపెట్టాలి. నేను ఎవరికైనా ఇచ్చే సలహా ఇదే, కింద రాసింది కూడా అదే లెక్కలో.

అసలు ఇది ఎక్కడ పుట్టింది

ప్రోగ్రెసివ్ రాక్, పొట్టిగా ప్రోగ్, 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో మొదలైంది. అప్పటిదాకా రాక్ పాటంటే మూడు నిమిషాలు, ఒక పల్లవి, రెండు మూడు చరణాలు. 1967లో మూడీ బ్లూస్ ఆర్కెస్ట్రాతో కలిసి ఒక రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా సాగే ఆల్బమ్ చేసింది. అదే ఏడాది ప్రోకోల్ హేరమ్ పాటలో పాతకాలపు జర్మన్ స్వరకర్త బాక్ నీడ పడిన ఆర్గన్ వినిపించింది. చర్చిలో, స్కూల్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటూ పెరిగిన కుర్రాళ్లు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని, ఈ రెండూ ఎందుకు కలవకూడదు అని అడిగారు. 1969 అక్టోబర్‌లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' వచ్చాక వెనక్కి తిరిగి చూసింది లేదు. అప్పటి నుంచి 1975 వరకు ఐదారేళ్లలో వచ్చిన ఆల్బమ్‌లే ఇవాళ్టికీ ఈ సంగీతానికి మూలధనం.

పాటలు అంత పొడవు కావడానికి ఒక మామూలు కారణం కూడా ఉంది. ఎల్పీ రికార్డు ఒక్కో వైపు సుమారు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. ఒక వైపంతా ఒకే పాట పెడితే ఏమవుతుంది అన్న ఆలోచన చాలా బ్యాండ్లకు దాదాపు ఒకే కాలంలో వచ్చింది. యెస్ 'క్లోజ్ టు ది ఎడ్జ్', ఎమర్సన్ లేక్ అండ్ పామర్ 'టార్కస్', రష్ '2112' అన్నీ ఒక వైపు నిండిన పాటలే. జెనెసిస్ 'సప్పర్స్ రెడీ', పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్' ఇరవై మూడు నిమిషాల దాకా వెళ్లాయి.

ఈ సంగీతంలో తెలుసుకోవాల్సిన ఇంకొకటి మెలోట్రాన్ అనే వాద్యం. చూడటానికి ఆర్గన్‌లా ఉంటుంది కానీ లోపల ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. దాని మీద వయొలిన్లో, ఫ్లూటో, కోరస్సో ముందే రికార్డు చేసి పెడతారు. మెట్టు నొక్కితే టేపు కదిలి ఆ శబ్దం వస్తుంది. ఎనిమిది సెకన్లు దాటితే టేపు అయిపోతుంది, వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. కాబట్టి ఏ స్వరాన్నీ ఎనిమిది సెకన్లకు మించి పట్టి ఉంచలేరు. టేపు కాస్త వణుకుతుంది కాబట్టి ఆ వయొలిన్లు నిజం వయొలిన్లలా ఉండవు, ఎక్కడో పాత భవంతిలోంచి వస్తున్నట్టుంటాయి. కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ టైటిల్ పాటలో గుండె బరువెక్కించే ఆ హోరు ఇదే. ఒకసారి గుర్తుపట్టారంటే ప్రోగ్‌లో ఎక్కడ వచ్చినా చెవి దానంతటదే నిక్కబొడుచుకుంటుంది.

పింక్ ఫ్లాయిడ్: అందరూ ఎక్కే మొదటి మెట్టు

చాలామందికి ఇదే మొదటిది, అది సరైనదే. 1973 మార్చిలో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అమెరికా బిల్‌బోర్డ్ 200 చార్టులో మొత్తం 900 వారాలకు పైగా ఉంది. 43 నిమిషాల ఆల్బమ్. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. మిగతా ప్రోగ్ బ్యాండ్లలా వేళ్ల వేగం చూపించాలన్న తపన వీళ్లకు లేదు. డేవిడ్ గిల్మర్ గిటార్ మీద నాలుగు స్వరాలు వాయించి వదిలేస్తాడు. ఆ నాలుగూ మనసులో అలా ఉండిపోతాయి.

ఈ ఆల్బమ్‌లో 'మనీ' పాట పెట్టినప్పుడు అక్క ఏమీ అనకుండా తొడ మీద వేళ్లతో తాళం వేయడం మొదలుపెట్టింది. మొదట్లో వచ్చే చిల్లర నాణేల చప్పుడు, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ చప్పుడు, అన్నీ ఒక లెక్కలో తిరుగుతుంటాయి. బ్యాండ్ బేస్ గిటారిస్ట్ రోజర్ వాటర్స్ ఆ శబ్దాలను విడివిడిగా రికార్డు చేసి, టేపును సమానమైన ముక్కలుగా కోసి, అతికించి, చక్రంలా తిప్పాడు. మొత్తం ఏడు ముక్కలు. రెండు ఆవర్తాలు అయ్యాక అక్క తలెత్తి, "ఏడు అక్షరాలు కదరా ఇది, మిశ్ర చాపు లాగే ఉంది" అంది. అవును, 7/4, అంటే ఆవర్తానికి ఏడు దెబ్బలు. శ్యామశాస్త్రి 'మరివేరే గతి' మిశ్ర చాపులో పాడిన మనిషికి ఏడు లెక్క కొత్తేం కాదు. గిటార్ సోలో వచ్చేసరికి పాట 4/4లోకి మారిపోతుంది. అక్క చెయ్యి కూడా అక్కడే మారింది. మేనల్లుడు డ్రమ్మర్ అయ్యుండి ఆ మార్పు అప్పటిదాకా గమనించలేదట.

అయినా నన్నడిగితే పింక్ ఫ్లాయిడ్‌లో ముందు వినాల్సింది 'డార్క్ సైడ్' కాదు, 1975 నాటి 'విష్ యు వర్ హియర్'. 'డార్క్ సైడ్' పాటలు అందరూ ఎక్కడో ఒకచోట ముక్కలుగా వినేసి ఉంటారు, కొత్తగా వినడం కష్టం. 'విష్ యు వర్ హియర్' మొదలవడమే చాలా నెమ్మది. మొదటి పాట 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'లో గొంతు వినపడటానికే ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. ఆలాపన లాంటి ఆ ఎదురుచూపు మీకు నచ్చితే ప్రోగ్ మొత్తం మీదే. బ్యాండ్‌ను మొదలుపెట్టి, మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో దూరమైన సిడ్ బారెట్ కోసం చేసిన పాట అది. ఆ సంగతి తెలిశాక విన్నప్పుడు ఆ ఎనిమిది నిమిషాలూ ఇంకోలా వినిపిస్తాయి.

తర్వాత 'యానిమల్స్', ఆ తర్వాత 'ద వాల్'. ఇది 1979లో వచ్చిన డబుల్ ఆల్బమ్, ఎక్కువగా వాటర్స్ కథే. సంగీతం కన్నా మాటలు, నాటకం ముందుంటాయి. అందుకే దాంతో మొదలుపెట్టొద్దంటాను.

యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్: అసలు పోటీ ఇక్కడే

ఫ్లాయిడ్ తర్వాత ఎటు వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. ఈ మూడింటి స్వభావం పూర్తిగా వేరు.

యెస్ అంటే వెలుగు. జాన్ ఆండర్సన్ గొంతు చాలా పై స్థాయిలో, పసిపిల్లవాడి గొంతంత శుభ్రంగా ఉంటుంది. మాటలకు అర్థం వెతకాల్సిన పని లేదు, శబ్దం కోసమే ఎంచుకున్న మాటలు అవి. క్రిస్ స్క్వైర్ బేస్ గిటార్ మామూలుగా బేస్ ఉండే చోట ఉండదు, ముందుకొచ్చి గరుకుగా పాడుతుంది. 1972 'క్లోజ్ టు ది ఎడ్జ్'లో ఉన్నవి మూడే పాటలు. మొదటిది పద్దెనిమిది నిమిషాలకు పైగా. పక్షుల కూత, నీళ్ల గలగలతో మొదలై ఒక్కసారిగా అందరూ తలో దిక్కుకి పరుగెడుతున్నట్టు మీద పడుతుంది. ఆ మూడు నిమిషాలు ఓపిక పట్టండి. మధ్యలో అంతా చల్లబడి గొంతులు మాత్రమే మిగిలిన చోట రిక్ వేక్‌మన్ చర్చి ఆర్గన్ వస్తుంది. అది స్టూడియోలోది కాదు, లండన్‌లోని సెయింట్ జైల్స్ చర్చిలో వాయించి రికార్డు చేసినది. ఈ పాటకు ప్రేరణ హెర్మన్ హెస్సే నవల 'సిద్ధార్థ'. బుద్ధుడి కాలపు మన దేశంలో జరిగే కథ, ఏటి ఒడ్డున ముగుస్తుంది. ఆ నీళ్ల గలగల ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది.

మేనల్లుడికి యెస్ పేరు ముందే తెలుసు. 'రౌండబౌట్' పాట 2012లో జపాన్ యానిమే 'జోజోస్ బిజార్ అడ్వెంచర్'లో ముగింపు పాటగా వచ్చింది. దాని పుణ్యమా అని వాళ్ల తాతల కాలం నాటి పాట ఈ తరం కుర్రాళ్ల నోట్లో ఆడుతోంది. వాడు ఆ పాట మొదట్లోని గిటార్ ఒక్కటే విన్నాడు. మొత్తం పాట ఎనిమిదిన్నర నిమిషాలు ఉంటుందని నేను చెప్పేదాకా తెలియదు.

జెనెసిస్ వేరే లోకం. సర్రేలోని చార్టర్‌హౌస్ స్కూల్లో చదువుకున్న పిల్లలు 1967లో మొదలుపెట్టిన బ్యాండ్. వీళ్ల బలం కథ. పీటర్ గేబ్రియెల్ పాడేవాడు మాత్రమే కాదు, వేషం కట్టేవాడు కూడా. 1972లో డబ్లిన్ కచేరీలో భార్య ఎర్ర గౌను వేసుకుని, నక్క తల పెట్టుకుని స్టేజీ మీదికొచ్చాడు, మిగతా బ్యాండ్‌కి ముందు చెప్పకుండా. 'సప్పర్స్ రెడీ' పాటలో పువ్వు ముసుగు వేసుకునేవాడు. పద్యనాటకాలు, హరికథలు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకే మనిషి గొంతు మార్చి నలుగురిగా మాట్లాడటం, పాట మధ్యలో మాట, మాట మధ్యలో పాట, నవ్విస్తూ నవ్విస్తూ భయపెట్టడం అన్నీ అందులో ఉన్నాయి.

కథ మీద మోజు ఉన్నా, జెనెసిస్‌లో మొదటి ఆల్బమ్‌గా 1973 నాటి 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' చెబుతాను. కారణం అందులోని 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్'. టోనీ బ్యాంక్స్ పియానోతో మొదలవుతుంది. మధ్యలో ఫ్లూట్ ఒక చిన్న రాగం లాంటిది వాయించి వెళ్లిపోతుంది. కొన్ని నిమిషాల తర్వాత స్టీవ్ హ్యాకెట్ గిటార్ అదే వరుసను అందుకుని ఒక్కో స్వరాన్ని సాగదీస్తూ, ఎక్కడా తొందర లేకుండా మోసుకెళ్తుంది. నేను మొదటిసారి ఇది విన్నది హాస్టల్లో, ఎవరో కాపీ చేసిచ్చిన క్యాసెట్‌లో. క్యాసెట్ ఒక వైపు ముప్పై నిమిషాలే కాబట్టి వైపు చివర్లో పడిన పాట ఎప్పుడూ మధ్యలో టక్కున ఆగిపోయేది. ఆ ఆల్బమ్ చివరి పాటలు పూర్తిగా వినడానికి నాకు మరో ఏడేళ్లు పట్టింది.

1975లో గేబ్రియెల్ వెళ్లిపోయాడు. డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడటం మొదలుపెట్టాడు. 1980లలో రేడియోలో మోగిన జెనెసిస్ ఈ రెండో దశది. మంచి పాటలే, కానీ ప్రోగ్ కోసం వెతుకుతూ 1986 నాటి 'ఇన్విజిబుల్ టచ్' పెట్టుకుంటే ఇదేంటి అనుకుంటారు. కొనేటప్పుడు, స్ట్రీమింగ్‌లో వెతికేటప్పుడు సంవత్సరం చూసుకోండి. 1971 నుంచి 1977 మధ్యలో ఉంటే నిశ్చింతగా వినొచ్చు.

కింగ్ క్రిమ్సన్ ఈ ముగ్గురిలో కటువైనది. 1969 నుంచి 2021 దాకా మనుషులు మారుతూనే ఉన్నారు. మొదటి నుంచి చివరి దాకా ఉన్నది గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ ఒక్కడే, కుర్చీలో కూర్చునే వాయిస్తాడు. 1969 జులైలో లండన్ హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు వాయించిన కొత్త బ్యాండ్లలో ఇదొకటి. అప్పటికింకా ఒక్క ఆల్బమ్ కూడా రాలేదు. మొదటి ఆల్బమ్ అట్ట మీద అరుస్తున్న ఆ ఎర్ర ముఖాన్ని మీరు ఎక్కడో చూసే ఉంటారు. అది గీసిన బ్యారీ గాడ్‌బర్ కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, 1970లో, 24 ఏళ్ల వయసులో చనిపోయాడు.

క్రిమ్సన్‌లో ఏది ముందు అంటే నాది గట్టి అభిప్రాయం: 1974 నాటి 'రెడ్'. అందులో చివరి పాట 'స్టార్‌లెస్'. మొదటి నాలుగు నిమిషాలు మెలోట్రాన్, శాక్సఫోన్, జాన్ వెట్టన్ గొంతు, అంతా దిగులుగా, అందంగా సాగుతుంది. తర్వాత అన్నీ ఆగిపోయి బేస్ ఒక్కటే మెల్లగా నడుస్తుంది, పదమూడు లెక్కలో. దాని మీద ఫ్రిప్ గిటార్ ఒకే ఒక్క స్వరాన్ని పదేపదే మీటుతుంటుంది. కొన్ని ఆవర్తాల తర్వాత ఒక మెట్టు పైకి. మళ్లీ అదే స్వరం. ఇంకో మెట్టు. డ్రమ్స్ అక్కడక్కడా చిన్న చప్పుళ్లు చేస్తూ దగ్గరికొస్తుంటాయి. నాలుగు నిమిషాలకు పైగా మీ మెడ నరాలు బిగుసుకుంటూ పోతాయి, నిజంగానే టెన్షన్. చివరికి ఆ కట్ట తెగి మొదటి రాగం శాక్సఫోన్ మీద తిరిగొచ్చే క్షణం కోసం నేను ఈ పాటను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఆల్బమ్ దుకాణాల్లోకి రాకముందే ఫ్రిప్ బ్యాండ్‌ను ఆపేశాడు.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు మాత్రం క్రిమ్సన్‌లో ఇంకో తలుపుంది. ఏడేళ్ల తర్వాత కొత్త మనుషులతో తిరిగొచ్చి 1981లో 'డిసిప్లిన్' చేశారు. అందులో 'ఫ్రేమ్ బై ఫ్రేమ్' అనే పాటలో రెండు గిటార్లు ఒకే వరుస కలిసి వాయిస్తుంటాయి. కాసేపటికి ఒకటి తన వరుసలో ఒక స్వరం తగ్గించుకుంటుంది. దాంతో ఆవర్తం ఆవర్తానికీ రెండూ కొంచెం కొంచెం దూరమై, తిరిగి తిరిగి, లెక్క కుదిరిన చోట కలుస్తాయి. మృదంగం తనియావర్తనంలో సమం ఎక్కడ పడుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లకు ఇది పండగే. అక్కకు నేను యెస్ కన్నా ముందు ఇదే పెట్టాను. వేళ్లు ఆగలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోమంటే: సంగీతం మిమ్మల్ని పైకి లేపాలి అనుకుంటే యెస్, కథలో కూర్చోబెట్టాలి అనుకుంటే జెనెసిస్, కుదిపేయాలి అనుకుంటే కింగ్ క్రిమ్సన్. డ్రమ్మర్ బిల్ బ్రుఫర్డ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డింగ్ అయిపోగానే, బ్యాండ్ వెలిగిపోతున్న సమయంలో, యెస్‌ను వదిలి క్రిమ్సన్‌లోకి వెళ్లాడు. తర్వాత కొన్నాళ్లు జెనెసిస్ కచేరీల్లోనూ వాయించాడు. మూడు ఇళ్లూ చూసిన మనిషి. డ్రమ్స్ నేర్చుకునేవాళ్లు ఆయన్నే దారంగా పట్టుకుని మూడింట్లోకీ వెళ్లొచ్చు.

మాటలు అడ్డం అనిపిస్తే

ఇంగ్లిష్ పాటల్లో మాటలు పట్టుకోవడం కష్టంగా ఉందని చాలామంది ఆగిపోతారు. వాళ్లకు క్యామెల్ బ్యాండ్ 1975లో చేసిన 'ద స్నో గూస్' సరైనది. ఇందులో మాటలే లేవు, అక్కడక్కడా గొంతు వినిపించినా ఆలాపనే. గాయపడిన పక్షి, ఒక చిన్నపిల్ల, దీపస్తంభంలో ఒంటరిగా ఉండే చిత్రకారుడు, పాల్ గాలికో కథలోని ఈ ముగ్గురినీ వాద్యాలే చెబుతాయి. ఇళయరాజా 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్' ఇష్టమైనవాళ్లకు ఇది రెండో ఆలోచన లేకుండా ఇవ్వొచ్చు. బాక్‌నూ త్యాగరాజునూ ఒకే గదిలో కూర్చోబెట్టిన ఆల్బమ్ కదా అది. ప్రోగ్ వాళ్లు పట్టుకున్న ప్రశ్ననే ఆయన మన వైపు నుంచి పట్టుకున్నాడు.

జెత్రో టల్ గురించి ఒక మాట. పేరు విని సంగీతకారుడి పేరనుకుంటారు. కాదు, 1701లో విత్తనాలు వరుసలో నాటే యంత్రం చేసిన ఇంగ్లండ్ రైతు పేరది. మన గొర్రు చేసే పనే ఆ యంత్రం చేసేది. బ్యాండ్ నడిపే ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి ఫ్లూట్ వాయిస్తాడు. వేణువు అంటేనే కృష్ణుడు గుర్తొచ్చే మన కళ్లకు ఆ భంగిమ ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. 1972 'థిక్ యాజ్ ఎ బ్రిక్' మొత్తం ఒకే పాట, రికార్డు తిప్పడానికి మాత్రమే ఆగుతుంది. అట్ట పన్నెండు పేజీల వార్తాపత్రిక. మాటలు ఎనిమిదేళ్ల పిల్లవాడు రాశాడని అందులో వార్త ఉంటుంది. ఆ పిల్లవాడు ఆండర్సన్ కల్పన. జానపదం, హాస్యం ఇష్టమైనవాళ్లకు ఫ్లాయిడ్ కన్నా ముందు ఇదే ఇస్తాను. ఈ బ్యాండ్ 2008లో సితార్ కళాకారిణి అనౌష్క శంకర్‌తో కలిసి మన దేశంలో కచేరీలు కూడా చేసింది.

ఎమర్సన్ లేక్ అండ్ పామర్‌ను మాత్రం చివరికి ఉంచండి. కీత్ ఎమర్సన్ కీబోర్డు మీద చేసినవి అంతకుముందు రాక్‌లో ఎవరూ చేయలేదు. ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌ను స్టేజీ మీదికి తెచ్చినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ సంగీతాన్ని కచేరీలో రాక్‌గా వాయించి 1971లో ఆల్బమ్‌గా తెచ్చారు. 'బ్రెయిన్ సలాడ్ సర్జరీ' వినండి. కానీ నా చెవికి వీళ్ల దగ్గర నేర్పు ఎక్కువ, విరామం తక్కువ. అన్ని వంటలూ ఒకే విస్తట్లో ఒకేసారి వడ్డించినట్టుంటుంది. మిగతావి విన్నాక వెళ్తే ఆ నేర్పు విలువ తెలుస్తుంది.

డ్రమ్స్, మెటల్ ఇష్టమైతే

మేనల్లుడికి నేను చెప్పింది రష్. కెనడాలోని టొరంటో బ్యాండ్, ముగ్గురే మనుషులు. 1981 'మూవింగ్ పిక్చర్స్' నలభై నిమిషాలు, ఎక్కడా వృథా లేదు. అందులో 'వై వై జెడ్' అనే వాద్య పాట పేరు టొరంటో విమానాశ్రయం కోడ్. మొదట్లో నీల్ పియర్ట్ మోగించేది ఆ మూడు అక్షరాల మోర్స్ కోడే. పొడుగు చప్పుడుకు రెండు, పొట్టిదానికి ఒకటి వేసుకుని లెక్కపెట్టండి: మొదటి అక్షరం ఏడు, రెండోది మళ్లీ ఏడు, మూడోది ఆరు. మొత్తం ఇరవై, అంటే నాలుగేసి అక్షరాల చొప్పున ఐదు దెబ్బలు. ఖండ లెక్క. ఈ సంగతి చెప్పగానే వాడు బల్ల మీద రెండు పెన్నులతో మొదలుపెట్టాడు, అన్నం చల్లారిపోయేదాకా ఆగలేదు. పియర్ట్ 2020 జనవరిలో చనిపోయాడు. పాటల మాటలు కూడా ఎక్కువగా ఆయనే రాసేవాడు.

రష్ నచ్చాక డ్రీమ్ థియేటర్ 1992 'ఇమేజెస్ అండ్ వర్డ్స్'కి వెళ్లొచ్చు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో కలుసుకున్న కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్. ప్రోగ్‌కు మెటల్ బరువు ఎక్కించినవాళ్లలో ముఖ్యులు. ఇంకా ఈ కాలపు గొంతు కావాలంటే స్టీవెన్ విల్సన్ నడిపే పోర్కుపైన్ ట్రీ, 2002 'ఇన్ అబ్సెన్షియా'. మన దగ్గర వెతికితే కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్ 2008లో చేసిన 'మక్తూబ్' ఉంది. బైజు ధర్మజన్ గిటార్ తీగల మీద గమకాలు పలికించిన తీరు వినడానికైనా అది వినాలి.

మధ్యలో 1980ల ఇంగ్లండ్ బ్యాండ్ మరిలియన్‌ను దాటేయకండి. 1976-77లో పంక్ అనే పొట్టి, మొరటు పాటల రాక్ వచ్చాక ప్రోగ్ పని అయిపోయిందని పత్రికలు రాసేశాయి. మరిలియన్ 1985లో 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్'తో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 1997లో అమెరికా టూర్‌కు డబ్బుల్లేకపోతే అభిమానులే 60,000 డాలర్లు పోగుచేసి రప్పించుకున్నారు. క్రౌడ్‌ఫండింగ్ అన్న మాట జనం నోళ్లలో పడక ముందు సంగతి అది. యాభై ఏళ్ల కిందటి సంగీతం ఇంకా ఎందుకు బతికుంది అని అడిగేవాళ్లకు నేను చూపించేది ఇదే. దీన్ని వినేవాళ్లు తక్కువే కావచ్చు, కానీ చెయ్యి వదలరు.

ఏ ప్రింటు, ఎలా వినాలి

ఆల్బమ్ ఎంచుకున్నాక ఇంకో చిక్కు. ఒకే ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో నాలుగైదు రూపాల్లో కనిపిస్తుంది: రీమాస్టర్, రీమిక్స్, డీలక్స్. రీమాస్టర్ అంటే పాత మిక్స్‌నే శుభ్రం చేసినది. రీమిక్స్ అంటే గిటార్, గొంతు, డ్రమ్స్ విడివిడి టేపులు తీసి మళ్లీ కలిపినది. పైన చెప్పిన స్టీవెన్ విల్సనే కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ ఆల్బమ్‌లు చాలావాటికి కొత్త మిక్స్‌లు చేశాడు. కొత్తగా వినేవాళ్లకు నేను విల్సన్ మిక్స్‌లే చెబుతాను. హెడ్‌ఫోన్స్‌లో ఒక్కో వాద్యం విడిగా తెలుస్తుంది. పాత మిక్స్ గుర్తున్నవాళ్లు మాత్రం దాన్నే పట్టుకుని ఉంటారు, వాళ్లతో వాదించలేం. డీలక్స్ ఎడిషన్లలో ఆల్బమ్ అయ్యాక వచ్చే అదనపు పాటలు మొదటిసారి వినకండి. చివరి పాట తర్వాత నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమే.

ఫోన్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీద ఇంకో పాటను కలిపేసేది), షఫిల్ ఆఫ్ చేయండి. 'డార్క్ సైడ్'లో ఒక పాట ఇంకో పాటలోకి జారుతుంది. మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా ఆ మాయ పోతుంది. ఉచిత ప్లాన్‌లో అయితే సరిగ్గా అక్కడే యాడ్ పడుతుంది. అలాంటప్పుడు పాత సీడీ దొరికితే అదే మేలు.

మూడుసార్లు వినకుండా ఏ ఆల్బమ్ గురించీ తీర్పు చెప్పకండి. మొదటిసారి బస్సులో, బైక్ మీద వద్దు. ఒక వైపు, అంటే ఇరవై నిమిషాలు, ఇంకే పనీ పెట్టుకోకుండా కూర్చోండి. రెండోసారి మాటలు ముందు పెట్టుకోండి. మూడోసారి ఒక్క వాద్యాన్నే పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్లండి. నేనైతే బేస్ పట్టుకుంటాను.

ఒక్క ఆల్బమ్ విషయంలో మాత్రం అక్క నా మాట వినలేదు. 1973 చివర్లో వచ్చిన యెస్ 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. రెండు రికార్డులు, నాలుగు వైపులు, నాలుగే పాటలు, ఎనభై నిమిషాలు. పరమహంస యోగానంద ఆత్మకథలో శ్రుతి, స్మృతి, పురాణాలు, తంత్రాల గురించి ఉన్న ఒక ఫుట్‌నోట్ చదివి జాన్ ఆండర్సన్ దీన్ని మొదలుపెట్టాడు. వేక్‌మన్‌కు ఇది నచ్చక 1974లో బ్యాండ్ వదిలేశాడు. చాలామంది అభిమానులకే ఇది మింగుడు పడదు, మొదటి ఏడాది దీని జోలికి పోవద్దని అందరికీ చెబుతాను. కానీ అక్క 'ఒక యోగి ఆత్మకథ' తెలుగులో రెండుసార్లు చదివింది. ఒక్క ఫుట్‌నోట్‌లోంచి ఎనభై నిమిషాలు ఎలా తీశారో చూడాల్సిందే అంది. ఆదివారానికి ఒక వైపు చొప్పున వింటోంది. రెండు వైపులు అయ్యాయి. మూడో వైపు మొదట్లో తాళవాద్యాల గందరగోళం చాలాసేపు ఉంటుంది, అక్కడ ఆపేయొద్దని చెప్పాను. అది దాటాక అంతా సద్దుమణిగి స్టీవ్ హౌ అకూస్టిక్ గిటార్ మొదలయ్యే చోటు ఒకటుంది. అక్కడికి రాగానే ఫోన్ చెయ్యమన్నాను.